జీపు మార్పిడి: పాతదాని కొరకు కొత్తదానిని వదలవచ్చునా?

దూరపు కొండలు నునుపు అని మన పెద్దలు చెప్పిన మాట కొండదారుల వాహనాల విషయంలో మరింత వర్తిస్తుంది. తన వాకిట నిలిచిన బండి ఎంత మంచిదైనా, పెద్ద టైర్లతో, ఎత్తు పెంచిన కమానులతో పొరుగువాని పాత జీపు ఎదుట నిలిచినప్పుడు మనసు అటువైపు మొగ్గడం సహజం. అట్టి సమయంలో "ఒకదానికొకటి మార్చుకుందాం" అన్న ప్రస్తావన వస్తే ఏమి చేయాలి? లాభనష్టాలను తూచే పద్ధతిని ఈ వ్యాసంలో వివరించదలిచాము. చదువు ముగించి, సొంత సంపాదనతో వాహనం కొనబోయే విద్యార్థులకు ఇది అక్కరకు రాగలదని మా ఆశ.

ముందుగా జీపు పుట్టుపూర్వోత్తరాలు కొంత తెలుసుకుందాం. రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో అమెరికా సైన్యం కొరకు పుట్టిన ఈ వాహనం మన దేశంలో 1947 నుండి తయారవుతున్నది. 1945లో మహీంద్రా సోదరులు, మాలిక్ గులాం మహమ్మద్ కలిసి స్థాపించిన "మహీంద్రా అండ్ మహమ్మద్" సంస్థయే బొంబాయిలో విల్లీస్ జీపుల కూర్పును ప్రారంభించింది. దేశ విభజన పిమ్మట గులాం మహమ్మద్ పాకిస్తానుకు వెళ్లి, ఆ దేశపు తొలి ఆర్థిక మంత్రిగా, 1951లో గవర్నర్ జనరల్‌గా పదవులు నిర్వహించారు. 1948లో సంస్థ పేరు మహీంద్రా అండ్ మహీంద్రాగా మారింది. ఆ పరంపరలోనివే ఎం.ఎం. 540 జీపు, 2010లో వచ్చిన థార్, 2020లో వెలువడిన కొత్త థార్.

మన చర్చకు ఒక ఉదాహరణ తీసుకుందాం. ఒకరి వద్ద 2020 నాటి డీజిలు థార్, మరొకరి వద్ద మార్పులు చేసిన ఎం.ఎం. 540 ఉన్నవనుకొందాం. మొదటిదానికి సుమారు 130 అశ్వశక్తి, నేలనుండి 226 మిల్లీమీటర్ల ఎత్తు, 650 మిల్లీమీటర్ల లోతు నీటిలో నడువగల సామర్థ్యం ఉన్నవి. 2020లో గ్లోబల్ ఎన్‌క్యాప్ వారి ఢీ పరీక్షలో అది నాలుగు నక్షత్రాలు పొందింది. రెండవదాని ప్యూజో ఇంజను శక్తి అందులో సగమైనా లేదు. దానికి గాలి సంచులు లేవు. చక్రాలు బిగుసుకొనకుండా కాపాడే బ్రేకుల ఏర్పాటు లేదు. అయితే దాని నిర్మాణం సరళం. ఎలక్ట్రానిక్ యంత్రం తోడు లేకుండానే పల్లెటూరి మెకానిక్కు కూడా దానిని విప్పి బాగుచేయగలడు. అడవి దారిలో బండి ఆగినప్పుడు ఈ గుణం సామాన్యమైనది కాదు.

ఇక మార్పుల వల్ల కలిగే ఫలితాలను పరిశీలిద్దాం. 28 అంగుళాల టైర్లు తీసి 31 అంగుళాలవి బిగించారనుకొనండి. వ్యాసంలో మూడు అంగుళాలు పెరిగినా, ఇరుసు నేలనుండి లేచేది అందులో సగం, అనగా ఒకటిన్నర అంగుళమే. చక్రం చుట్టుకొలత సుమారు పదకొండు శాతం పెరుగుతుంది. కావున వేగమాపకం 60 కిలోమీటర్లు చూపినప్పుడు బండి నిజంగా 66 కిలోమీటర్ల వేగంతో పోతూ ఉంటుంది. ఎత్తు ఎక్కేటప్పుడు చక్రం నేలను నెట్టే బలం పదోవంతు తగ్గుతుంది. బ్రేకులు మాత్రం పాతవే. ఆపవలసిన చక్రం పెద్దది, బరువైనది.

కమానుల ఎత్తు పెంచడం గురించి కూడా ఒక భ్రమ ఉన్నది. కమానులు పైకి లేపేది బండి శరీరాన్నే గాని ఇరుసును కాదు. రాళ్లకు తగిలేది ఇరుసు మధ్యనున్న ఉబ్బెత్తు భాగం. దానిని లేపగలిగేది పెద్ద టైరు ఒక్కటే. పైగా శరీరం లేచిన కొద్దీ గరిమనాభి పైకి పోతుంది. అరకు, పాడేరు ఘాట్ రోడ్ల వంటి మలుపులలో అట్టి బండి పక్కకు ఒరిగే ప్రమాదం పెరుగుతుంది. ఇంజను శక్తిని ఇరుసులకు అందించే కడ్డీల కోణం మారి, వాటి జాయింట్లు త్వరగా అరుగుతాయి. నిపుణుడైన పనివాడు ఈ లోపాలన్నిటికీ తగిన సవరణలు చేస్తాడు. ఎత్తు మాత్రమే పెంచి, తక్కినవి విడిచిన పనితనమే ప్రమాదకరం.

యంత్రం కంటె చిక్కయిన విషయం చట్టం. 1988 మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షను ప్రకారం, తయారీదారు నిర్దేశించిన ప్రమాణాలకు భిన్నంగా వాహనాన్ని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఈ సూత్రాన్నే స్థిరపరచింది. అదే సంవత్సరపు సవరణ చట్టం, అనుమతి లేని ఒక్కొక్క మార్పుకు 5,000 రూపాయల జరిమానా గాని, ఆరు నెలల వరకు జైలు గాని, రెండూ గాని విధించవచ్చునని చెప్పింది. ఈ బాధ్యత యజమానిపై ఉంటుంది. మార్పులు చేసినది పాత యజమానియే అయినా, వాటితో బండిని ఏలుకొనేది మనమే కదా!

కావున ఆర్.సి. పుస్తకాన్ని బండి పక్కన పెట్టి చూడాలి. ఇంజను నంబరు, ఛాసిస్ నంబరు, ఇంధనం, కూర్చునే వారి సంఖ్య అన్నీ సరిపోవాలి. పెట్రోలు అని రాసి ఉన్న జీపులో డీజిలు ఇంజను ఉంటే అక్కడితో బేరం ఆపడం మంచిది. మోటారు కారు రిజిస్ట్రేషను పదిహేను సంవత్సరాలు చెల్లుతుంది. ఆ పిమ్మట తనిఖీ చేయించి, ఐదేళ్లకొకసారి పునరుద్ధరించుకోవాలి. తనిఖీకి వెళ్లిన ప్రతిసారీ అనుమతి లేని మార్పు అడ్డుగా నిలుస్తుంది. మార్పులను దాచి తీసుకున్న బీమా ప్రమాద సమయంలో వివాదానికి దారితీస్తుంది.

మార్పిడి అంటే నిజానికి రెండు అమ్మకాలు. ఇద్దరూ 29, 30 నంబరు ఫారాలు నింపి, రెండు వాహనాల యాజమాన్యాన్ని బదిలీ చేయించాలి. అప్పు మిగిలి ఉంటే ఫైనాన్సు సంస్థ సమ్మతి, వేరే రాష్ట్రపు బండి అయితే అక్కడి రవాణా శాఖ నిరభ్యంతర పత్రం కావాలి. మాట మీద తాళాలు మార్చుకొనడం స్నేహానికీ, ధనానికీ చేటు.

బండిని పగటి వెలుగులో, ఇంజను చల్లగా ఉన్నప్పుడు చూడాలి. అడుగున ఛాసిస్ పొడవునా తుప్పు, కొత్త వెల్డింగు అతుకులు ఉన్నవేమో తడిమి చూడాలి. నాలుగు చక్రాల గేరు, లో గేరు పడుతున్నవో లేదో మట్టినేలపై నడిపి తెలుసుకోవాలి. బండి మంచిచెడ్డలను పరిచయమున్న మెకానిక్కు చేత చెప్పించుకోవాలి. అమ్మేవాని మెకానిక్కు మాట దీనికి చాలదు.

చివరగా ఎవరికి వారు వేసుకోవలసిన లెక్క ఒకటున్నది. సంవత్సరంలో తిరిగే ప్రతి వంద కిలోమీటర్లలో తారురోడ్డుపై ఎన్ని, రాళ్లదారిలో ఎన్ని? తొంభై తారురోడ్డుపైనే అయితే, తల్లిదండ్రులనూ, పిల్లలనూ ఆ బండిలోనే తీసుకొని పోవలసి ఉంటే, కొత్తదానిని వదలకూడదని మా అభిప్రాయం. ఇంట మరొక వాహనం ఉండి, పనిముట్లు పట్టే అలవాటు ఉండి, కాగితాలు నిష్కళంకంగా ఉంటే పాత జీపు ఆనందాన్ని కాదనము. అప్పుడైనా వాహనాల విలువలోని తేడాను ధనరూపంలో రాబట్టి, ఆ సొమ్ములో కొంత బ్రేకులకూ, స్టీరింగుకూ ముందుగా కేటాయించాలి.

మన బండి లోపాలు మనకు తెలుసు. ఎదుటివాని బండిలోనివి తెలియవు. మార్పిడిలో చేతులు మారేది ఇనుము మాత్రమే కాదు, ఎవరో చేసిన పనితనంపై మనవారి ప్రాణాలను నమ్మి ఉంచడం కూడా. ఆ నమ్మకానికి ఆధారం కంటికి కనిపించే ఎత్తులో కాక, చేతికి దొరికే పరీక్షలో ఉండాలని యువమిత్రులకు మా మనవి.