కాలిన గాయం మానింది, కీలు ఎందుకు ముడుచుకుంది?

చలికాలంలో నెగడు పక్కనే నిద్రపోవడం, మూర్ఛ వచ్చి పొయ్యిలో పడిపోవడం, కాగే నీళ్లు ఒలకడం – మన మన్యంలో ఇలాంటి ప్రమాదాలు జరుగుతుంటాయి. గాయం మానగానే గండం గడిచిందని ఇంటివారు ఊరట చెందుతారు. కాని కొన్ని వారాలకే గడ్డం ఛాతీవైపు లాగేస్తుంది. మోచెయ్యి చాపలేరు. వేళ్లు పిడికిలిలా ముడుచుకుంటాయి. దీనినే కాంట్రాక్చర్ అంటారు.

ఎందుకు వస్తుంది?

లోతుగా కాలినచోట పాత చర్మం తిరిగి రాదు. అక్కడ ఏర్పడిన మచ్చ నెలల తరబడి దగ్గరకు లాక్కుంటూనే ఉంటుంది. కీలు వంచి ఉంచితే నొప్పి తక్కువ. అందుకే మనం జాలిపడి తల కింద దిండు, మోకాలి కింద బట్టల మూట పెడతాము. అలా హాయిగా పడుకున్న తీరులోనే కీలు బిగుసుకుపోతుంది. పిల్లల్లో ఎముక పెరుగుతుంది గాని మచ్చ అంతగా సాగదు. కనుక వంకర ఏటేటా ఎక్కువవుతుంది.

మొదటి రోజు నుండే జాగ్రత్త

1. మెడ ముందువైపు కాలితే దిండు వద్దు. భుజాల కింద మడిచిన దుప్పటి పెట్టండి.
2. చంక కాలితే చెయ్యి పక్కకు చాచి ఉంచాలి.
3. మోచెయ్యి, మోకాలు మడతలో కాలితే వాటిని చాపి ఉంచాలి.
4. వేళ్లకు విడివిడిగా కట్టు కట్టించాలి.

ఆపరేషన్ ఎలా చేస్తారు?

బిగుసుకున్న మచ్చను కోసి కీలును చాపుతారు. ఏర్పడిన ఖాళీలో, సాధారణంగా తొడ నుండి తీసిన, చర్మం అతికిస్తారు. మచ్చ సన్నని తాడులా ఉంటే జెడ్ ఆకారంలో కోసి, పక్క చర్మాన్ని మార్చి కుడతారు. అతికించిన చర్మానికి కింది నుండి రక్తనాళాలు అందాలి. అందుకే మొదటి 5 రోజులు ఆ భాగం కదలకూడదు, కట్టు మీరు విప్పకూడదు. చాలా ఏళ్లనాటి వంకరను ఒక్కసారే చాపితే నరాలు, రక్తనాళాలు దెబ్బతినవచ్చు. అందువలన విడతలుగా సరిచేస్తారు.

అసలు పని ఇంటి దగ్గరే

అతికించిన చర్మం కూడా ముడుచుకుంటుంది. డాక్టరు చెప్పిన తరువాత రోజుకు నాలుగైదు సార్లు వ్యాయామం చేయించండి. కొంచెం లాగినట్లు నొప్పి ఉంటుంది. బిడ్డ ఏడ్చిందని మానేయకండి. రాత్రిళ్లు స్ప్లింట్ కట్టాలి. చర్మం పూర్తిగా మానాక కొబ్బరినూనెతో మర్దన చేయండి. బిగుతు దుస్తులు ఇస్తే స్నానం వేళ తప్ప తీయవద్దు. మచ్చ మెత్తబడడానికి ఏడాది, ఏడాదిన్నర పడుతుంది. గుడ్లు, పప్పులు, చేపలు పెట్టండి.

ఖర్చుకు భయపడి ఆగిపోవద్దు. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై, ఇప్పుడు ఎన్.టి.ఆర్. వైద్యసేవగా నడుస్తున్న పథకంలో ఈ ఆపరేషన్లు కూడా ఉన్నాయి. బియ్యం కార్డుతో వెళ్లి వైద్యమిత్రను అడగండి. కాలి ఎన్నేళ్లయినా, ఇది మా రాత అనుకోకుండా ఒకసారి డాక్టరుకు చూపించండి.