టమోటా తోటకు మందుకన్నా ముందు కావలసింది



మన సంఘం అనగానే చాలామందికి గుర్తొచ్చేవి రంజాన్ రేషన్ కిట్లు, పిల్లల ఫీజులు, వైద్య సహాయం, పేదింటి ఆడపిల్లల నికాహ్ ఖర్చులు. వీటితో పాటు మదనపల్లె చుట్టుపక్కల కూరగాయలు పండించే చిన్న రైతులకు తోట దగ్గరే సలహా అందించే పని కూడా చేస్తున్నాం. దీని గురించి చెప్పినప్పుడు కొందరు దాతలు ఒక ప్రశ్న అడుగుతున్నారు: "వ్యవసాయ శాఖ ఉంది, ఊరూరా మందుల అంగళ్లు ఉన్నాయి. మన సదఖా సొమ్ము అక్కడికెందుకు?" న్యాయమైన ప్రశ్నే. దానికి జవాబే ఈ వ్యాసం.

మదనపల్లె సముద్రమట్టానికి 2,000 అడుగుల పైన ఉన్న ఊరు. ఎండాకాలంలో చాలాచోట్ల టమోటా పూత రాలిపోయే రోజుల్లో ఇక్కడ కాయ నిలుస్తుంది. అందుకే ఇక్కడి మార్కెట్ యార్డు దేశంలోని పెద్ద టమోటా మార్కెట్లలో ఒకటైంది. ఇక్కడి కాయ తమిళనాడు, కర్ణాటకలకే కాదు, ఉత్తరాదికీ పోతుంది. 2023 జూలైలో ఇక్కడ కిలో ధర 100 రూపాయలు దాటింది. కోత కూలి కూడా గిట్టక కాయను రోడ్డు పక్కన పారబోసిన సీజన్లూ ఈ ప్రాంతం చూసింది. ఆ రెంటి మధ్య ఎకరమో రెండెకరాలో కౌలుకు చేసే రైతు నలుగుతున్నాడు. కౌలు, నారు, డ్రిప్పు, మల్చింగ్ షీటు, కొయ్యలు, ఎరువులు, కూలీలు అంటూ మొదటి కోతకు ముందే అతను పెట్టుబడి చాలావరకు పెట్టేసి ఉంటాడు.

ఆ పెట్టుబడిలో ఎక్కువ భాగం అప్పే. మందులు, ఎరువులు అరువుకు ఇచ్చే అంగడి నుంచే సలహా కూడా వస్తుంది. అంగడివాళ్లంతా మోసగాళ్లని మేము అనడం లేదు. మంచివారు ఎందరో ఉన్నారు. కానీ "ఈ వారం మందు కొట్టాల్సిన పని లేదు" అని చెబితే అంగడికి వచ్చేదేమీ లేదు. ఇక పాత బాకీ ఉన్న రైతు ఆ అంగడి మాట కాదని మరొకరిని అడగలేడు. అమ్ముకునేది ఏమీ లేని మనిషి చెప్పే మాట అతనికి కావాలి. ఆ లోటు తీర్చడానికే మన సొమ్ము వాడుతున్నాం.

పురుగు సంగతి

టమోటాకు పెద్ద శత్రువు ఆకుముడత వైరస్. దాన్ని మొక్క నుంచి మొక్కకు మోసేది తెల్లదోమ. వైరస్ సోకిన మొక్కను ఏ మందూ బాగుచేయలేదు. ఇది తెలియక ఆకు ముడుచుకున్నాక మందు మీద మందు కొట్టి వేలు పోగొట్టుకునే రైతులు ఉన్నారు. చేయాల్సింది ముందే చేయాలి. నారుమడి మీద సన్నకన్ను నైలాన్ వల కప్పాలి. తోటలో పసుపు రంగు జిగురు అట్టలు పెట్టి దోమ ఎంత ఉందో చూసుకోవాలి. నాటిన తొలి వారాల్లో ముడత కనిపించిన మొక్కను పీకి పాతిపెట్టాలి. బెంగళూరు దగ్గర హెసరఘట్టలోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ రూపొందించిన 'అర్క రక్షక్' వంటి, ఈ వైరస్‌ను తట్టుకునే రకాలు కూడా ఉన్నాయి.

కాయతొలిచే పురుగుకు ఆ సంస్థ చెప్పిన ఉపాయం బంతిపూలు. ప్రతి 16 వరసల టమోటాకు ఒక వరస బంతి వేయాలి. 25 రోజుల టమోటా నారుతో పాటు 45 రోజుల బంతి నారు నాటితే రెండూ ఒకే సమయానికి పూతకు వస్తాయి. తల్లిపురుగు బంతిపూల వైపు మళ్లి, ఎక్కువ గుడ్లు అక్కడే పెడుతుంది. బంతిపూలు అమ్ముకుంటే అదనంగా నాలుగు రూపాయలు వస్తాయి. దక్షిణ అమెరికా నుంచి వచ్చి 2014లో మన దేశంలో తొలిసారి మహారాష్ట్రలో కనిపించిన టూటా పురుగు ఆకుల్లో సొరంగాలు చేసి, కాయ మీద సూది గుచ్చినట్టు రంధ్రాలు పెడుతుంది. దాని రాకను లింగాకర్షక బుట్టలు ముందే పట్టిస్తాయి. మందు తప్పనిసరి అయినప్పుడు కూడా ఒకే తరహా మందును మళ్లీ మళ్లీ కొడితే పురుగు దానికి అలవాటు పడిపోతుంది. రెండు మూడు మందులు తోచినట్టు కలిపి కొట్టడం ఖర్చుకూ చేటు, కొట్టే మనిషి ఒంటికీ చేటు. మందు కొట్టాక కోతకు ఎన్ని రోజులు ఆగాలో డబ్బా మీద రాసి ఉంటుంది. అది పాటిస్తే మన ఇళ్లలో తినే కూర కూడా శుభ్రంగా ఉంటుంది.

నేల సంగతి

కాయ అడుగు భాగం నల్లబడి కుళ్లితే చాలామంది తెగులు అనుకొని మందు కొంటారు. అది తెగులు కాదు. కాయకు కాల్షియం అందకపోవడం వల్ల వచ్చే లోపం. నేలలో కాల్షియం ఉన్నా, ఒకరోజు నిండా నీళ్లు పెట్టి నాలుగు రోజులు ఎండబెడితే అది కాయ దాకా చేరదు. అక్కడ ముందు సరిచేయాల్సింది నీటి తడుల వరస. అలాగే పచ్చదనం చూసి యూరియా ఎక్కువ వేస్తే ఆకు లేతగా పెరిగి రసంపీల్చే పురుగులకు విందవుతుంది. అందువల్ల పంటకు ముందే మట్టి పరీక్ష చేయించాలి.

మట్టి తీయడంలోనూ పద్ధతి ఉంది. గట్ల పక్కన, చెట్ల నీడలో, పెంటకుప్ప వేసిన చోట తీయకూడదు. మడిలో అడ్డదిడ్డంగా ఎనిమిది, పది చోట్ల ఆంగ్ల అక్షరం 'వి' ఆకారంలో ఆరు అంగుళాల లోతు గుంట తీసి, పక్క నుంచి పలుచగా మట్టి గీకి, అంతా కలిపి, నీడలో ఆరబెట్టి, అందులోంచి అరకిలో పంపాలి. బోరు నీటిని కూడా పరీక్ష చేయించాలి. ఉప్పు నీరైతే ఎరువుల లెక్కే మారిపోతుంది. ప్రభుత్వ ప్రయోగశాలలు, కృషి విజ్ఞాన కేంద్రాలు, రైతు సేవా కేంద్రాలు ఉన్నాయి. వాటికి పోటీగా నిలబడటం మా ఉద్దేశం కాదు. నమూనా సరిగ్గా తీయించి అక్కడికి చేర్చడం, వచ్చిన కాగితాన్ని ఉర్దూలోనో తెలుగులోనో రైతుకు అర్థమయ్యేలా చదివి చెప్పడం, ఇవి మా పని.

లెక్క సంగతి

ధర మన చేతిలో లేదు, లెక్క మన చేతిలో ఉంది. ఒక ఉదాహరణ చూద్దాం. ఎకరాకు కోత దాకా 1,60,000 రూపాయలు ఖర్చయిందని, 20 టన్నులు పండిందని అనుకుందాం. కిలోకు 8 రూపాయలు పడింది. కోత కూలి, బాడుగ, మండీ కమీషన్ కలిపి కిలోకు ఇంకో 4 రూపాయలు అనుకుంటే మొత్తం 12. మార్కెట్‌లో ధర 7 ఉంది. "పన్నెండు పెట్టి ఏడుకు అమ్మాలా?" అని రైతు తోట వదిలేస్తాడు. కానీ ఆ 8 రూపాయలు ఎప్పుడో అయిపోయిన ఖర్చు. ఇప్పుడు కోస్తే 4 పోను 3 రూపాయలు చేతికొస్తాయి. వెయ్యి కిలోలు కోస్తే 3,000 రూపాయల అప్పు తీరుతుంది. ధర 4 కంటే దిగితేనే కోయడం దండగ. తన అంకె తానే తెలుసుకోవాలంటే ఖర్చు రాసుకునే పుస్తకం ఉండాలి. రాయడం రాని రైతు ఇంట్లో చదువుకునే పిల్లలే ఆ పని చేస్తారు.

ఇంకో మాట. ధర పెరగగానే అందరూ నారు కొంటారు. నాటిన రెండు నెలల తర్వాతే కదా కాయ వచ్చేది! అందరి కాయా ఒకేసారి యార్డుకు చేరితే ధర పడిపోతుంది. ఉన్న నేలను రెండు మూడు ముక్కలు చేసి పదిహేను ఇరవై రోజుల తేడాతో నాటితే, పంటంతా ఒకే ధరకు బలికాదు.

ఏ సొమ్ము దేనికి

ఇక్కడ దాతలు గమనించాల్సిన విషయం ఒకటుంది. హనఫీ ఫిఖ్హ్ ప్రకారం జకాత్ సొమ్ము అర్హుడైన వ్యక్తికి సొంతం కావాలి. దీనినే తమ్లీక్ అంటారు. కాబట్టి తోటల వెంట తిరిగే వ్యవసాయ పట్టభద్రుని జీతం, శిక్షణ తరగతుల ఖర్చు జకాత్ నుంచి ఇవ్వరాదు. అవి లిల్లాహ్, నఫిల్ సదఖా సొమ్ముతోనే జరగాలి. జకాత్‌కు అర్హుడైన పేద రైతుకు, అప్పుల్లో మునిగిన రైతుకు నారు, వల, షీటు కొని అతని సొంతం చేయడానికి జకాత్ పనికొస్తుంది. అరువు అంగడి మీద ఆధారం తగ్గడానికి వడ్డీ లేని ఖర్జె హసనా కావాలి. అది పంట డబ్బు వచ్చాక తిరిగొచ్చి మరో రైతుకు చేరుతుంది. మా దగ్గర అన్నిటికంటే తక్కువ పడేది లిల్లాహ్ సొమ్మే.

సలహా విషయంలో మతభేదం పాటించడం లేదు. తెల్లదోమకు గట్టు తెలియదు. అబ్దుల్ తోట బాగుండాలంటే పక్కనున్న ఆంజనేయులు తోటలోనూ ముడత మొక్కలు పీకాలి. పొరుగువాని హక్కు గురించి మన దీన్ చెప్పిందీ అదే.

రేషన్ కిట్ ఒక నెల ఆకలి తీరుస్తుంది. అది ఆపమని ఎవరూ అనడం లేదు. సమయానికి అందిన ఒక సరైన మాట, ఆ ఇంటివాళ్లు వచ్చే ఏడు కిట్ కోసం వరసలో నిలబడకుండా చేయగలదు. ఒకడు నాటిన మొక్క నుంచి మనిషి, పక్షి, పశువు ఏది తిన్నా అది అతనికి సదఖా అవుతుందని దైవప్రవక్త ముహమ్మద్ (స) బోధించారు. నాటే చేతికి ఆసరా ఇచ్చిన వారికీ అందులో భాగం ఉంటుందని ఆశిద్దాం.

ఈ ఏడాది మీ విరాళం రాసేటప్పుడు లిల్లాహ్ గడిని కూడా ఒకసారి చూడండి. వీలైతే సీజన్‌లో ఒకరోజు మాతో తోటకు రండి. అల్లాహ్ మీ సంపాదనలో, మన రైతుల మడుల్లో బర్కత్ ప్రసాదించుగాక. ఆమీన్.