వరదగుడి

2023 డిసెంబరు 1, శుక్రవారం. తెనాలిలో మధ్యాహ్నం ఎండ బాగానే ఉంది. బాగా పైన, దూది పీకి పరిచినట్టు సన్నటి తెల్ల పోగులు. అవి సిర్రస్ మబ్బులు. ఆరు కిలోమీటర్లకు పైనే ఉంటాయి, అన్నీ మంచు పలుకులే.

రాత్రికి ఆ పోగులు పల్చటి తెరలా పరుచుకున్నాయి. ఇది సిర్రోస్ట్రాటస్. చంద్రుడి చుట్టూ పెద్ద వలయం. "వరదగుడి కట్టిందిరా, పొద్దున్నే పనలు ఎత్తించాలి" అన్నాడు తాతయ్య. మూడెకరాల వరి కోసి చేలోనే ఉంది.

ఆరు పలకల మంచు పలుకుల్లో వెన్నెల సుమారు 22 డిగ్రీలు వంగడం వల్ల ఆ గుడి కనిపిస్తుందని నాకు తర్వాత తెలిసింది. గుడి కట్టిన ప్రతిసారీ వాన రాదు లెండి. కానీ అప్పుడు బంగాళాఖాతంలో తుఫాను తయారవుతోంది. తుఫాను పైభాగం నుంచి బయటికి వీచే గాలులు ఈ మంచు మబ్బుల్ని వందల కిలోమీటర్లు ముందుగానే తోసేస్తాయి.

శనివారం ఆల్టోస్ట్రాటస్. గరుకు గాజు వెనక బల్బులా సూర్యుడు, నీడలే లేవు. ఆదివారం నుంచి నింబోస్ట్రాటస్, ఒకటే ముసురు. నింబస్ అంటే వాన మబ్బు, స్ట్రాటస్ అంటే పొర. ఓఓపీ చదివినవాళ్లకి ఇది మల్టిపుల్ ఇన్‌హెరిటెన్సే!

5న మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది.

మాకు కూలీలు దొరికింది ఒక్కరోజే. రెండెకరాలు కుప్ప వేయగలిగాం. మిగిలిన ఎకరం నీళ్లలో నానింది. వానలు తగ్గాక తాతయ్య ఒక కంకి తెచ్చి అరుగు మీద పెట్టాడు. గింజ గింజకీ తెల్లటి మొలక.