వాడంతా మాట్లాడే రేడియో

మాటల రేడియోలో శ్రోత వినడంతో సరిపెట్టుకోడు, ఫోను చేసి తన మాట చెబుతాడు. స్టూడియోలో ఉన్న వ్యాఖ్యాత ఆ మాట వింటాడు, ఎదురు ప్రశ్న వేస్తాడు, అవసరమైతే వాదిస్తాడు. ఆ సంభాషణను ఊరంతా వింటుంది. అమెరికాలో ‘టాక్ రేడియో’ అని పేరుపడ్డ పద్ధతి ఇదే. 1960లో లాస్ ఏంజిలిస్‌లోని కేఏబీసీ కేంద్రం పాటలు పక్కనపెట్టి సమయమంతా మాటలకే కేటాయించిన తరువాత ఇది దేశమంతా పాకింది. వినేవారికీ మాట్లాడేవారికీ మధ్య దూరం ఎంత తక్కువైతే ఈ పద్ధతికి అంత బలం. చికాగో నగరంలోని నల్లజాతి వాడల నుంచి మాట్లాడే డబ్ల్యూవీవోఎన్ కేంద్రం చరిత్రలో ఆ బలం స్పష్టంగా కనిపిస్తుంది.

వలస వచ్చినవారి నగరం

ఇరవయ్యో శతాబ్దం మొదటి సగంలో లక్షలాది నల్లజాతివారు అమెరికా దక్షిణాది రాష్ట్రాలను వదిలి ఉత్తరాది నగరాలకు తరలివచ్చారు. దక్షిణాది పత్తిచేలలో చాలీచాలని బతుకు, చట్టం అండతో సాగే వర్ణ వివక్ష, మూక హత్యల భయం వారిని కదిలించాయి. చికాగోలో 1910లో 44 వేలున్న నల్లజాతి జనాభా 1960 నాటికి 8 లక్షల 12 వేలు దాటింది. కబేళాల్లో, ఉక్కు మిల్లుల్లో పని దొరికింది కానీ నివాసం మాత్రం సౌత్ సైడ్, వెస్ట్ సైడ్ వాడలకే పరిమితమైంది. మిగతా చోట్ల వారికి ఇళ్లు అమ్మేవారూ అరుదు, అద్దెకిచ్చేవారూ అరుదు.

వలసతో కుటుంబాలు చెల్లాచెదురయ్యాయి. ఈ నగరంలో నల్లజాతి రేడియోకు ఆద్యుడైన జాక్ కూపర్ ఆ బాధను గుర్తించారు. 1929లో డబ్ల్యూఎస్‌బీసీ కేంద్రంలో ‘ది ఆల్ నీగ్రో అవర్’ అనే కార్యక్రమం ప్రారంభించిన ఆయన, 1938లో జాడ తెలియని బంధువుల కోసం మరో కార్యక్రమం మొదలుపెట్టారు. పనికోసం వెళ్లి ఉత్తరం రాయడం మానేసినవారు, చిరునామా మారి అందకుండా పోయినవారు ఎక్కడున్నారో కనుక్కునేందుకు వారి వివరాలు రేడియోలో చదివేవారు. కుటుంబం గోడు రేడియోకు చేరడం, దానికి వాడలోంచే బదులు రావడం అన్న పద్ధతికి ఇక్కడే పునాది పడింది.

‘హాట్‌లైన్’ రాత్రులు

పోలండ్ నుంచి వలస వచ్చిన యూదు అన్నదమ్ములు లెనార్డ్ చెస్, ఫిల్ చెస్ చికాగోలో చెస్ రికార్డ్స్ అనే పాటల కంపెనీ నడిపేవారు. మడ్డీ వాటర్స్, చక్ బెర్రీ వంటివారి రికార్డులు ఆ కంపెనీవే. 1963లో వారు ఒక చిన్న రేడియో కేంద్రాన్ని కొని డబ్ల్యూవీవోఎన్ అని పేరు మార్చారు. ‘వాయిస్ ఆఫ్ ది నీగ్రో’ అన్నది ఆ పేరులోని చివరి మూడు అక్షరాల విస్తరణ. తరువాతి కాలంలో అది ‘వాయిస్ ఆఫ్ ది నేషన్’ అయింది. పగలు 1,000 వాట్లు, రాత్రి 250 వాట్లు మాత్రమే ఉన్న ప్రసారం అది. అయినా నల్లజాతి వాడల్లో ఇంటింటా, మంగలి షాపుల్లో, కార్లలో మోగేది. ‘గుడ్ గైస్’ అని పేరుపొందిన హెర్బ్ కెంట్, పర్విస్ స్పాన్, ఇ. రోడ్నీ జోన్స్ వంటి వ్యాఖ్యాతలు పాటల మధ్య వాడ కబుర్లు చెబుతూ ఇంటిమనుషులైపోయారు.

పాటల కేంద్రంగా మొదలైన ఈ రేడియోలో మాటలకు చోటు చూపినవారు వెస్లీ సౌత్. పత్రికా రంగం నుంచి వచ్చిన ఆయన రాత్రిపూట ‘హాట్‌లైన్’ కార్యక్రమం నడిపారు. మార్టిన్ లూథర్ కింగ్, మాల్కం ఎక్స్ వంటి నాయకులు ఆయనతో మాట్లాడారు. మిల్లులో షిఫ్టు దిగివచ్చిన కార్మికుడు, పిల్లల్ని పడుకోబెట్టిన తల్లి అదే ఫోనులో తమ మాట చెప్పుకునే వీలు కలిగింది. ఏ పెద్ద పత్రికా అడగని అభిప్రాయాన్ని రేడియో అడిగింది. 1966లో కింగ్ చికాగోలో ఇళ్ల విషయంలో సాగుతున్న వివక్షపై ఉద్యమం నడిపినప్పుడు ఆ వాడలకు సమాచారం చేర్చిన సాధనాల్లో ఈ కేంద్రం ముఖ్యమైనది.

1968 ఏప్రిల్ 4న కింగ్ హత్యకు గురయ్యారు. మరునాడు వెస్ట్ సైడ్‌లో దుకాణాలు తగలబడ్డాయి. ఆ రోజుల్లో వ్యాఖ్యాతలు మైకు వదలకుండా శాంతంగా ఉండమని వేడుకున్నారు, శ్రోతల దుఃఖాన్నీ కోపాన్నీ విన్నారు. రోజూ వినే గొంతు కాబట్టి ఆ మాటకు విలువ ఉంది. అధికారులు అదే సంగతి ప్రకటనగా చెబితే ఆ వాడల్లో అంత నమ్మకం కలిగేది కాదు.

పాటల నుంచి మాటలకు

1969లో లెనార్డ్ చెస్ మరణించాక కేంద్రం చేతులు మారింది. పేరు, సిబ్బంది వేరే ఫ్రీక్వెన్సీకి వెళ్లాయి. 1979లో పర్విస్ స్పాన్, వెస్లీ సౌత్ మరికొందరితో కలిసి మిడ్‌వే బ్రాడ్‌కాస్టింగ్ సంస్థను పెట్టి పాత 1450 ఫ్రీక్వెన్సీని సంపాదించారు. కొన్నేళ్లకు పాత పేరూ తిరిగివచ్చింది. ఒకప్పుడు జీతానికి మైకు ముందు కూర్చున్నవారే ఇప్పుడు యజమానులు. అయితే ఆ ఫ్రీక్వెన్సీని మరో కేంద్రంతో పంచుకోవాలి. రోజులో కొన్ని గంటలు వీరివి, మిగతావి వారివి.

అదే కాలంలో నగర రాజకీయాలు వేడెక్కాయి. పాత్రికేయుడు లూ పామర్ ‘లూస్ నోట్‌బుక్’ పేరుతో రేడియోలో వ్యాఖ్యానాలు వినిపిస్తూ, 1983లో నల్లజాతి మేయరును ఎన్నుకోవాలని పట్టుబట్టారు. 1982 శరదృతువులో ఓటర్ల నమోదు ఉద్యమం సాగి, లక్షకు పైగా కొత్త ఓటర్లు చేరారు. వారిని కదిలించడంలో నల్లజాతి రేడియోది పెద్ద పాత్ర. 1983 ఏప్రిల్ 12న హెరాల్డ్ వాషింగ్టన్ చికాగోకు తొలి నల్లజాతి మేయరుగా గెలిచారు. నగర మండలిలో 29 మంది ఎదురుతిరిగి, 21 మంది ఆయన పక్షాన నిలిచిన పోరు ఏళ్లతరబడి సాగింది. మండలిలో ఏం జరుగుతోందో రోజూ తెలుసుకోవాలన్న ఆత్రం వాడల్లో పెరిగింది. 1986లో డబ్ల్యూవీవోఎన్ పాటలు తగ్గించి పూర్తిగా మాటల రేడియోగా మారింది.

నగర మండలిలో ఒకప్పటి సభ్యుడు క్లిఫ్ కెల్లీ ఇక్కడ చాలాకాలం వ్యాఖ్యాతగా ఉన్నారు. బరాక్ ఒబామా ఇల్లినాయ్ రాష్ట్ర సెనేటరుగా ఉన్న రోజుల్లోనే ఈ కేంద్రానికి వచ్చి శ్రోతలకు జవాబులు చెప్పేవారు. ఓటు కావాలన్నవారు ముందు ఈ మైకు ముందు కూర్చోవాలన్న ఆనవాయితీ ఏర్పడింది.

ఒక ఫోను ప్రసారమయ్యేదాకా

శ్రోత నంబరు కలిపితే వెంటనే వ్యాఖ్యాత పలకడు. మొదట ఫోను ఎత్తే సహాయకుడు పేరు, ఏ వాడ, ఏ సంగతి మాట్లాడాలి అని అడుగుతాడు. ఒక్క వాక్యంలో చెప్పమంటాడు. ఆ వివరాలు వ్యాఖ్యాత ముందున్న తెరమీద వరుసగా కనిపిస్తాయి. ఎవరిని ముందు పిలవాలో ఆయన అక్కడే నిర్ణయించుకుంటాడు. ఒకే అభిప్రాయం వరుసగా నాలుగుసార్లు వినిపించకుండా, ఎదుటి వాదన మధ్యలో వచ్చేలా సర్దడం మంచి వ్యాఖ్యాత నేర్పు.

ప్రసారానికి ముందు సహాయకుడు తప్పకుండా చెప్పే మాట ఒకటుంది: ‘మీ ఇంట్లో రేడియో కట్టేయండి.’ ఫోనులో మాట్లాడింది వెంటనే ప్రసారం కాదు, కొన్ని సెకన్లు ఆలస్యంగా వెళుతుంది. చాలాకాలం ఏడు సెకన్ల ఆలస్యం వాడుకలో ఉంది. బూతు మాటో, ఒకరి పరువు తీసే ఆరోపణో వస్తే మీట నొక్కి, బయటికి పోకముందే దాన్ని తీసేయడానికి ఆ వ్యవధి. శ్రోత రేడియో కట్టకపోతే తాను కాసేపటి కిందట అన్న మాటే వెనక నుంచి వినిపించి తికమకపడతాడు, మాట తడబడుతుంది.

మాటకు దొరికే సమయం ఒకటి రెండు నిమిషాలు. తడబడేవారికి మాట అందించాలి, ఆగనివారిని నొప్పించకుండా ఆపాలి, కోపంగా ఉన్నవారి మాటలోంచి అసలు ప్రశ్నను బయటికి తీయాలి. రోజూ ఫోను చేసేవారు ప్రతి కేంద్రంలోనూ ఉంటారు. వారి గొంతు గుర్తుపట్టి శ్రోతలు ఎదురుచూస్తారు. అయితే ఆ కొద్దిమందే మైకును ఆక్రమించుకోకుండా కొత్తవారికి చోటు చూపడం వ్యాఖ్యాత బాధ్యత.

రాజకీయం ఇంటి మాటే

ఇలాంటి కేంద్రంలో రాజకీయం, కుటుంబం, వాడ అని విషయాలను విడివిడిగా గీతలు గీసి చూపలేం. 2013లో చికాగో విద్యా బోర్డు దాదాపు 50 ప్రభుత్వ బడులను మూసింది. వాటిలో అత్యధికం నల్లజాతి పిల్లలు చదివేవే. మేయరు నియమించిన బోర్డు తీసుకున్న నిర్ణయం కాబట్టి అది రాజకీయం. తల్లికి మాత్రం పిల్లవాణ్ణి కొత్త బడికి ఏ దారిన పంపాలన్న బెంగ. ఆ దారి ముఠాల సరిహద్దు దాటి పోతే ప్రాణానికే ముప్పు. నగర పాలకులు ‘సేఫ్ పాసేజ్’ పేరుతో బడి దారుల్లో కాపలా మనుషుల్ని నిలబెట్టాల్సి వచ్చింది. బడి మూసివేతపై మాట్లాడేందుకు ఫోను చేసిన తల్లి తన ఇంటి సంగతి చెబుతుంది, తరువాతి శ్రోత పన్నుల లెక్క అడుగుతాడు, ఆ వెంటనే ఒక రిటైర్డ్ టీచరు తాను చూసిన తరగతి గది సంగతి చెబుతుంది. మూడు మాటలూ కలిస్తేనే విషయం పూర్తిగా అర్థమవుతుంది.

పోలీసుల తీరు, ఉద్యోగాలు, జైలు నుంచి తిరిగివచ్చిన కొడుక్కి పని, ముసలివారి మందుల ఖర్చు, చర్చి తరఫున సాయం, పెళ్లి, విడాకులు, పిల్లల పెంపకం అన్నీ ఈ మాటల్లోకి వస్తాయి. 1990ల్లో ఈ కేంద్రాన్ని అధ్యయనం చేసిన పరిశోధకురాలు కేథరిన్ స్క్వైర్స్ గమనించింది కూడా దీనికి దగ్గరిదే. బయటివారికి సంజాయిషీ చెప్పుకోనక్కర లేకుండా తమలో తాము మాట్లాడుకునే, విభేదించుకునే చోటుగా శ్రోతలు దీన్ని చూశారు. కేంద్రం తమవారి సొంతం కావడం ఆ నమ్మకానికి ముఖ్య కారణం.

చట్టం మారినప్పుడు

అమెరికాలో రేడియో చాలావరకు ప్రైవేటు వ్యాపారం. అయినా 1949 నుంచి ‘ఫెయిర్‌నెస్ డాక్ట్రిన్’ అనే నియమం ఉండేది. ప్రజలకు ముఖ్యమైన వివాదాలకు సమయం ఇవ్వాలి, భిన్నాభిప్రాయాలను వినిపించాలి అన్నది దాని సారం. 1987లో ప్రభుత్వ నియంత్రణ సంస్థ దాన్ని ఎత్తేసింది. మరుసటి ఏడాది రష్ లింబా కార్యక్రమం దేశవ్యాప్తంగా మొదలై, ఒకే పక్షం వాదన గంటలతరబడి వినిపించే పద్ధతి లాభసాటి అని రుజువు చేసింది. 1996లో కొత్త టెలికమ్యూనికేషన్స్ చట్టం దేశం మొత్తంమీద ఒక కంపెనీకి ఎన్ని కేంద్రాలు ఉండొచ్చన్న పరిమితిని తొలగించింది. కొద్ది ఏళ్లలోనే క్లియర్ చానల్ అనే ఒక్క కంపెనీ చేతిలోకి 1,200 దాకా కేంద్రాలు చేరాయి. ఎక్కడో తయారైన కార్యక్రమాన్ని వందల ఊళ్లలో వినిపించడం చౌక. దాంతో చాలా ఊళ్లలో స్థానిక వ్యాఖ్యాతలు పని కోల్పోయారు. దేశ రాజకీయాల మీద అరుపులు పెరిగాయి, ఊరి మురికి కాలువ సంగతి అడిగే చోటు తగ్గింది.

స్థానిక మాటల రేడియోకు తనవైన బలహీనతలూ ఉన్నాయి. వదంతి కూడా అదే వేగంతో పాకుతుంది. ఫోను చేసేవారు వినేవారిలో చిన్న భాగమే కనుక వారి మాటే వాడ మొత్తం మాట అనుకోకూడదు. దుకాణాల ప్రకటనల మీద బతికే కేంద్రానికి ఆదాయం ఎప్పుడూ అంతంతే. డబ్ల్యూవీవోఎన్ శ్రోతలు ఆ సంగతి తెలిసినవారే, విరాళాలతోనూ కేంద్రాన్ని ఆదుకున్నారు. స్పాన్ కుమార్తె మెలడీ స్పాన్ కూపర్ నాయకత్వంలో 2006లో కేంద్రం 1690 ఫ్రీక్వెన్సీకి మారింది. పగటిపూట 10,000 వాట్ల శక్తి, రోజంతా తనదే అయిన సమయం అప్పటికి దక్కాయి.

ఈ చరిత్రను బట్టి స్థానిక మాటల రేడియో నిలవడానికి మూడు అవసరమని తేలుతుంది. యజమాని ఆ ఊరికి జవాబుదారీగా ఉండాలి. వ్యాఖ్యాత నచ్చని మాటకూ చోటివ్వాలి. శ్రోత తన మాటకు విలువ ఉందని నమ్మాలి. యంత్రాల ఖరీదు, ప్రసార శక్తి వీటి తరువాతివి. 250 వాట్లతో రాత్రిపూట మాట్లాడిన కేంద్రం ఒక మహానగర రాజకీయాన్ని మార్చడంలో పాలుపంచుకోగలిగింది ఈ మూడింటి వల్లనే.