పాత యంత్రమునకు క్రొత్త విండోస్

బియ్యపు మిల్లులోని రబ్బరు రోలరు అరిగి వృద్ధమగును. ఆయిలు ఇంజను పిస్టను వదులై వృద్ధమగును. ఇంటిలోని కంప్యూటరు మాత్రము, ఒక్క మరయైనను సడలక, ఒక్క తీగయైనను తెగక, నిన్న చేసిన పనిని నేడును అంతే చురుకుగా చేయుచుండగనే, అమెరికాలోని రెడ్మండు పట్టణమునుండి వెలువడిన యొక ప్రకటనచేత వృద్ధమైపోవును. 2025 అక్టోబరు 14వ తేది అట్టిది. ఆ దినము తరువాత విండోస్ 10 కు భద్రతా సవరణలు మామూలుగా పంపబోమని మైక్రోసాఫ్టు సంస్థ చాల ముందుగనే ప్రకటించి, ప్రకటించినట్లే ఆచరించినది. మరునాటి యుదయమున ఏ యంత్రమును ఆగిపోలేదు. మీట నొక్కగనే యథాప్రకారము వెలిగినవి, లెక్కలు కట్టినవి, పాటలు వినిపించినవి. ఐనను వానికి కాపుదల పోయినది. ఆ సంగతి తెరమీద కనబడదు గనుకనే దానిని గృహస్థునకు నచ్చజెప్పుట కష్టము.

రాజమహేంద్రవరమునుండి దక్షిణముగ సాగిన జాతీయ రహదారి జొన్నాడవద్ద గౌతమిని దాటి ఆవలి గట్టున రావులపాలెములో దిగును. కోనసీమకు వాకిలి యని పేరుబడిన యీ యూరికి అరటి ప్రాణాధారము. చుట్టుపట్ల లంకలలో పండిన కర్పూరము, చక్రకేళి గెలలు ఇక్కడి మార్కెట్టు యార్డునకు చేరి, బేరమై, లారీలకెక్కి పరరాష్ట్రములకు పోవుచుండును. ఇట్టి యూళ్లలో కంప్యూటరు మొదట జిరాక్సు దుకాణముననో, శుభలేఖలు కూర్చు డీటీపీ గదిలోనో, వర్తకుని గుమాస్తా బల్లమీదనో కాలు మోపి, పిల్లల ఇంజనీరింగు చదువుల నిమిత్తమై పిమ్మట మధ్యతరగతి యిండ్లలోనికి వచ్చి కూర్చున్నది. దానిని సిస్టమని పిలుచువారే యెక్కువ. ఆపరేటింగ్ సిస్టమును నవీకరింపవలెనని ఎవ్వరును అనరు. ‘విండోస్ వేయించాలి’ అందురు, లేదా మరింత నిష్కర్షగా ‘ఫార్మాట్ కొట్టించాలి’ అందురు. ఈ రెండును ఒకటియే యని తలచుటవలన ఎన్ని యిండ్ల పెండ్లి ఫొటోలు గంగపాలైనవో చెప్పజాలము.

ఫార్మాటు చేయుట యనగా డిస్కులోని యొక భాగమును తుడిచి, ఏమియు లేనిదానివలె చేసి, దానిపై క్రొత్త వ్యవస్థను నిలుపుట. అప్‌గ్రేడు చేయుట యనగా పాత వ్యవస్థను తొలగించుచునే, పత్రములను, ఫొటోలను, చాలవరకు ప్రోగ్రాములను ఉన్నచోట ఉండనిచ్చి క్రొత్తదానిని కూర్చుట. డిస్కును సి యని, డి యని రెండుగ విభజించి, విండోస్‌ను మొదటిదానిలోను సొంత సరకును రెండవదానిలోను దాచు నాచారము మన మెకానిక్కులు కనిపెట్టినది కాకపోయినను, వారు దానిని ఒక శాస్త్రముగ స్థిరపరచిరి. నా దృష్టిలో అది మిక్కిలి మెచ్చదగిన యాచారము. సమస్తమును తెరమీదనే పరచుకొను అలవాటు గలవారు, ఆ డెస్కుటాపు కూడ సి లోనిదే యని ఎరుగక నష్టపడుచుందురు.

ఇంతకును ఈ ఆపరేటింగ్ సిస్టము చేయు పని యేమి? డెల్టా రైతునకు దీనిని తెలుపుటకు కాలువమీది లస్కరు ఒక్కడు చాలును. కాలువకు వచ్చిన నీరు పరిమితము, పొలములు అనేకము, ప్రతి రైతును తన చేనికే ముందు పారవలెనని కోరును; తూము లెత్తుచు దించుచు, వంతులు నడపుచు, ఒకరి నీటిని మరియొకరు మళ్లించుకొనకుండ కాచువాడు లస్కరు. ప్రాసెసరుయొక్క కాలము, ర్యాములోని చోటు, డిస్కు, ప్రింటరు, కీబోర్డు వీనిని ప్రోగ్రాములకు పంచి యిచ్చుటలో ఆపరేటింగ్ సిస్టము చేయునది ఇదియే. వంతునకు సెకనులో వేయవ భాగములు కొన్ని మాత్రమే యిచ్చి ఒక ప్రోగ్రామునుండి మరియొకదానికి మరలుచుండుటచేత, పాట వినుచు లెక్క వ్రాయువానికి రెండును ఏకకాలమున జరుగుచున్నట్లు తోచును.

1981 ఆగస్టు 12న ఐబీఎం సంస్థ తన పర్సనల్ కంప్యూటరును వెలువరించినప్పుడు దానితో వచ్చిన డాస్ అను ఆపరేటింగ్ సిస్టము, మూలమున సియాటిల్ నగరపు టిం ప్యాటర్సన్ వ్రాసినది. మైక్రోసాఫ్టు దానిని కొని తనదిగ చేసికొన్నది. దానికి ఒకసారి ఒక ప్రోగ్రామునే నడపుట తెలియును. 1985 నవంబరులో వచ్చిన మొదటి విండోస్ ఆ డాసుపై నడచు అదనపు హంగు మాత్రమే. ఇంటింటి యంత్రముగ దానిని చేసినది 1995 ఆగస్టు 24న వచ్చిన విండోస్ 95. దానికి కనీసము 4 మెగాబైట్ల ర్యాము చాలెను. 2001 అక్టోబరు 25న వచ్చిన ఎక్స్‌పీకి 64 మెగాబైట్లు కావలసివచ్చెను. నేటి విండోస్ 11 కు కనీసము 4 గిగాబైట్లు, అనగా విండోస్ 95 అడిగినదానికి 1,024 రెట్లు. ఈ వృద్ధిలో ఎంత భాగము ప్రయోజనము, ఎంత భాగము ఆడంబరము అను ప్రశ్నకు నిష్పాక్షికమైన సమాధానము దొరకదు గాని, తెలుగు చదువరి కొక్క లాభము మాత్రము నిర్వివాదము: అది అక్షరము.

విండోస్ 98 నాటి యంత్రమునకు తెలుగు రాదు. దుకాణములలో శుభలేఖలు ఎట్లు అచ్చైన వనగా, ఆంగ్లాక్షరముల స్థానములలో తెలుగు లిపి ముక్కలను, తలకట్టు నొకచోట, వత్తు నొకచోట, కొమ్ము నొకచోట అమర్చిన ఫాంట్లను ‘అను’ మొదలగు సంస్థలు చేసి అమ్మినవి. పేజ్‌మేకరులో కూర్పరి తెలుగు కొట్టినను, యంత్రము తాను దాచుకొన్నది ఆంగ్లాక్షరములనే యని నమ్ముచుండెను. ఫాంటు ఉన్నంతకాలము తెరపై తెలుగు. ఫాంటు లేని యంత్రములో అదే పత్రము అర్థము లేని రోమను అక్షరముల గుంపు. ఒక్కొక్క సంస్థ సంకేతము ఒక్కొక్క తీరు గనుక ఒకరి పత్రము మరియొకరికి చదువశక్యము కాదు. భారతీయ ప్రమాణముల సంస్థ 1991లో స్థిరపరచిన ఇస్కీ యను సంకేతము ఈ అరాచకమును కొంత మాన్పజూచెను గాని వ్యాపారపు కూర్పుగదులలో దానికి చోటు దొరకలేదు. ఆ కాలముననే అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయమున చదువుకొనుచుండిన తెలుగువారు, రోమను అక్షరములతో తెలుగు వ్రాయుటకు ఆర్‌టీఎస్ అను పద్ధతి నేర్పరచుకొని తమలో తాము ఉత్తరములు నడపుకొనుచుండిరి.

ఇస్కీ అమరికనే అనుసరించి, 1991లో వెలువడిన యూనికోడు మొదటి కూర్పు తెలుగునకు 128 స్థానములు కేటాయించెను. ఇందులోని సూక్ష్మము గమనింపదగినది. ‘స్త్రీ’ అని మనము వ్రాయునది కంటికి ఒకే అక్షరము. యంత్రము దాచుకొనునది సకారము, విరామము, తకారము, విరామము, రేఫ, ఈకారపు గుర్తు, వెరసి ఆరు సంకేతములు. వత్తు ఎక్కడ వ్రేలాడవలెనో, గుడి దేని నెత్తిన నిలువవలెనో నిర్ణయించునది పత్రము కాదు. ఆపరేటింగ్ సిస్టములోని కూర్పు భాగమును, ఫాంటులోని నియమములును కలసి ఆ పని చేయును. కావున అక్షరసంకేతము శాశ్వతము, ఆకారము మార్చుకొనదగినది. ఏ ఫాంటు మార్చినను, ఏ విండోస్ మార్చినను పత్రము చెడదు. విండోస్ 2000 ఈ విద్యను దేవనాగరికిని తమిళమునకును మాత్రమే యిచ్చి మనలను విస్మరించెను. తెలుగునకు అది దక్కినది ఎక్స్‌పీతో. దానితో వచ్చిన తెలుగు ఫాంటు పేరు గౌతమి, ముంబయి లిపిశిల్పి ఆచార్య రఘునాథ్ జోషి పర్యవేక్షణలో రూపొందినది. ఏటిగట్టున నున్న యూరిలో ఏటి పేరిటి అక్షరములు తెరమీద వెలసినవన్నమాట. ఐతే అవి ఊరక వెలయలేదు. భాషల అమరికలోనికి పోయి, సంక్లిష్టలిపుల గడిలో టిక్కు పెట్టి, అడిగినప్పుడు విండోస్ సీడీని అందింపవలెను. ఆ సీడీ ఎక్కడనున్నదో ఇంటిలో నెవ్వరికిని తెలియదు.

ఎక్స్‌పీని మన కూర్పుగదులు విడువకుండుటకు హేతువు మమకారము కాదు. పేజ్‌మేకరు చివరి కూర్పు, ఏడవది, 2001లో వచ్చి ఆగిపోయెను. కొన్ని తెలుగు సాఫ్టువేరులకు తాళముగ ప్రింటరు పోర్టునకు తగిలించు హార్డువేరు లాకు ఉండెను. అప్పటి ప్రింటర్ల డ్రైవర్లు, అనగా యంత్రభాగములతో మాటలాడు చిన్న ప్రోగ్రాములు, క్రొత్త విండోస్‌కు వ్రాయబడలేదు. పైగా ఎక్స్‌పీనుండి విండోస్ 7 కు సూటియైన అప్‌గ్రేడు మార్గమే యుంచలేదు, తుడిచి వేయవలసినదే. 64 బిట్ల విండోస్ పాత 16 బిట్ల ప్రోగ్రాములను బొత్తిగ ఒప్పుకొనదు. హైదరాబాదులో పుట్టిన సత్య నాదెళ్ల 2014 ఫిబ్రవరి 4న మైక్రోసాఫ్టు అధిపతియైనందుకు మనవారు సంబరపడిరి. రెండు నెలలు గడచి ఏప్రిలు 8న ఆ సంస్థయే ఎక్స్‌పీకి సవరణలు మానివేసెను. తెలుగువాడైనంతమాత్రమున తెలుగు డీటీపీ వారిపై దయచూపునని ఆశించుట న్యాయము కాదనుకొందును.

సవరణలు లేనిచో నష్టమేమి యని అడుగువారికి 2017 మే నెల సమాధానము చెప్పెను. వానక్రై యను దుష్టప్రోగ్రాము ప్రపంచమంతటను వ్యాపించి, పత్రములకు తాళము వేసి, విడుదలకు బిట్‌కాయిన్ల రూపమున సొమ్మడిగెను. ఆంధ్రప్రదేశ్ పోలీసుశాఖ కంప్యూటర్లును దాని వాత పడినవి. అది చొరబడిన లోపమునకు మైక్రోసాఫ్టు మార్చిలోనే సవరణ విడుదల చేసియున్నది. దానిని వేసికొనని యంత్రములు చెడినవి. ఎక్స్‌పీకి ఆనాటికి సవరణయే లేదు. ఉపద్రవము వచ్చిపడిన పిమ్మట, నియమమునకు వ్యతిరిక్తముగ, దానికి కూడ ఒకటి పంపవలసివచ్చెను.

విండోస్ 10 వచ్చినప్పుడు, 2015 జులై 29 మొదలు ఏడాదికాలము, 7, 8.1 గలవారికి దానిని ఉచితముగ ఇచ్చిరి. 2021 అక్టోబరు 5న వచ్చిన 11 మాత్రము ద్వారముకడ నిలిపి పరీక్షించును. ప్రాసెసరు ఇంటెల్ వారిదైనచో సామాన్యముగ ఎనిమిదవ తరముదైన కావలెను, యంత్రము మేల్కొనునప్పుడే ప్రతి మెట్టున సంతకము సరిచూచు సెక్యూర్ బూట్ ఉండవలెను, టీపీఎం 2.0 అను చిప్పు ఉండవలెను. ఈ చిప్పు రహస్యసంకేతములను తనలో దాచుకొని, వానితో చేయవలసిన పనిని తానే చేసి ఫలితమును మాత్రము వెలికిచ్చును. రహస్యము డిస్కుమీద నుండదు గనుక దొంగకు చిక్కదు. ఉద్దేశము మంచిదే. కాని 2016లో కొని, ఇప్పటికిని మెత్తగ పనిచేయుచున్న యంత్రమును ఒక్క పట్టికలో పేరు లేదను కారణముచేత వెలివేయుట నాకు కటువుగ తోచును. తొందరపడి క్రొత్తది కొనుటకు ముందు, విండోస్ మీటను ఆర్ అక్షరముతో కలిపి నొక్కి టీపీఎం.ఎంఎస్‌సీ అని కొట్టి చూడవలెను. ఆ సౌకర్యము పెక్కు యంత్రములలో ఉండియు బయోసులో నిద్రించుచుండును, మేల్కొల్పుట నిమిషముల పని. అర్హత లేని యంత్రముల కొరకు 2026 అక్టోబరు 13 వరకు ఒక ఏడాది పొడిగింపును కూడ ఏర్పరచిరి.

మరియొక త్రోవ లినక్సు అను వేరొక ఆపరేటింగ్ సిస్టము. సీడాక్ చెన్నై కేంద్రమువారు 2007నుండి వెలువరించుచున్న బాస్, హైదరాబాదులోని స్వేచ్ఛ సంస్థ తెలుగులో తీర్చిన లినక్సు, ఇవి టీపీఎమ్ము నడుగవు, పైకమును అడుగవు. తిరుమల కృష్ణదేశికాచార్యులవారి పోతన, వేమన ఫాంట్లును, సిలికానాంధ్ర ప్రకటించిన మండలి, గిడుగు, సురవరము మొదలగునవియు ఉచితములే. గ్రాంథికముపై జీవితాంతము పోరాడిన గిడుగు రామమూర్తి పంతులుగారి పేరిటి ఫాంటులో ఈ వ్యాసమును కూర్చినచో వారేమందురో గాని, అక్షరములు మాత్రము ముచ్చటగ నుండును. పది సంవత్సరముల యంత్రమునకు హార్డు డిస్కు తీసి ఎస్‌ఎస్‌డీ వేయించి, లినక్సు ఎక్కించినచో చదువుకొను పిల్లలకు మరికొన్నేండ్లు నిశ్చయముగ పనికివచ్చును. కమీషను లెక్కల సాఫ్టువేరు విండోస్‌పైననే నడచు వర్తకునకు మాత్రము ఈ సలహా పనికిరాదు.

అప్‌గ్రేడు చేయబూనువారు ముందుగ పత్రములను వేరొక డిస్కులోనికి ఎక్కించుకొనవలెను. నడుమ కరెంటు పోయినచో యంత్రము పాత స్థితికి మరలుటకు ప్రయత్నించును గాని, ఆ ప్రయత్నము ఫలించునని పూచీ లేదు గనుక యూపీఎస్ లేనిదే, ల్యాపుటాపైనచో బ్యాటరీ నిండనిదే మొదలుపెట్టరాదు. పాత విండోస్ ‘విండోస్.ఓల్డ్’ అను పేటికలో సామాన్యముగ పది దినములు నిలిచియుండును. నచ్చనిచో ఆలోపల వెనుకకు పోవచ్చును. ‘అను’ సంకేతములలోని పత్రము లున్నవారు, పాత యంత్రము నడచుచుండగనే మార్పిడి ప్రోగ్రాముతో వానిని యూనికోడులోనికి దించుకొని, వత్తులను ఒకసారి స్వయముగ సరిచూచుకొనుట యుత్తమము.

అన్నియు అయిన పిమ్మట ఒక పాత తెలుగు అర్జీ తెరచి చూడుడు. విండోస్ 8 నాడే తెరమీది తెలుగును నిర్మల యను క్రొత్త ఫాంటు కైవసము చేసికొన్నది. 10 నుండి గౌతమిని మూలవ్యవస్థనుండి తీసి ఐచ్ఛిక ఫాంట్లలో చేర్చిరి. అక్షరములలో ఒక్కటియు పోదు, కాని గౌతమిలో పంక్తికి పంక్తికి నడుమ ఎడము విశాలము, నిర్మలలో వేరు. కావున పుటలు కదలి, క్రిందనుండవలసిన సంతకపు గీత నడుమకు వచ్చి కూర్చుండును. సెట్టింగులలోని భాషల పట్టికలో తెలుగును చేర్చి, ఫాంట్లు దిగువరకు ఆగి, అర్జీని మూసి మరల తెరచినచో గీత తన చోటికి పోవును.