బొగ్గుబాయి నుండి అండమానునకు

బొగ్గుగనుల సీమలో కాపురము చేయు స్త్రీకి గడియారములు రెండు. ఒకటి లోకమునకెల్ల ఉన్నది. రెండవది భర్త షిఫ్టుది. మంచిర్యాల జిల్లాలోని మా రామకృష్ణాపూర్‌లో గనిని జనులు ‘బాయి’ యందురు. బాయిపని మూడు షిఫ్టులుగా నడచును. మొదటి షిఫ్టు వారమున చీకటితో లేచి టిఫిను డబ్బా కట్టవలెను. రెండవ షిఫ్టు వారమున అర్ధరాత్రి వరకు అన్నము వేడిగా నుంచి కాచుకొని యుండవలెను. రాత్రి షిఫ్టు వారమున పగలు నిద్రించువారికి మెలకువ రాకుండ పిల్లలను అదుపులో పెట్టవలెను. షిఫ్టు మారినపుడెల్ల పొయ్యి వేళయు మారును. బాయిలో దిగువారికి వారమునకొక సెలవు దినమైనను కలదు. ఆ దినమున ఇంట వంటకము మరియొకటి యెక్కువ యగునే కాని తక్కువ కాదు.

గని కార్మికులకు వేతన ఒప్పందము ననుసరించి నాలుగేండ్ల కాలములో ఒకసారి స్వగ్రామమునకును, ఒకసారి దేశములో ఎచ్చటికైనను పోయి వచ్చుటకును ప్రయాణపు సొమ్ము లభించుచున్నది. సొమ్ము చేతికి వచ్చును గాని ప్రయాణము మాత్రము పెక్కిండ్లలో సాగదు. పిల్లల ఫీజులు, ఆడపడుచుల పెట్టుపోతలు, ఇంటి మరమ్మతులు ముందు నిలుచును. “రిటైరైనంక పోదాం తియ్” అను మాట ప్రతి వాకిటను వినబడును. ఆ మాటను నమ్మి ముప్పది యేండ్లు వేచియుండిన పెద్దమ్మ యొకరు మా వీధిలో కలరు. ఆమె పెనిమిటి ఉద్యోగ విరమణ చేసిన యేడాదిలోపుననే కాలము చేసెను. గడచిన పుష్యమాసమున మేము పిల్లలతో అండమాను దీవులకు పోవ నిశ్చయించుకొని ఆమెను గూడ రమ్మంటిమి. “ఆయన లేని యాత్ర నాకెందుకు బిడ్డా” అని ఆమె తొలుత ఒప్పుకొనలేదు. మరి మరి వేడుకొనగా బయలుదేరినది. ఆ ప్రయాణమున మేము కన్నవియు, తెలిసికొన్నవియు సోదరీమణులకు చెప్పుట మంచిదని తలచి ఇది వ్రాయుచున్నాము.

శీతకాలమున అండమానులే యేల యని కొందరడుగవచ్చును. పుష్యమాసపు రాత్రులలో మా ప్రాంతమున చలి 10, 12 డిగ్రీలకు దిగును. పొగమంచుతోపాటు బొగ్గుధూళియు నేలబారున నిలిచిపోవును. అండమానులలో చలికాలమను మాటకు అర్థమే లేదు. పగలు 30 డిగ్రీలకు దరిదాపుగను, రాత్రి 23 డిగ్రీలకు దరిదాపుగను ఏడాది పొడవునను ఒకే తీరుగ నుండును. అచ్చట నైరుతి వానలును కురియును, ఈశాన్యపు వానలును కురియును. మొత్తముమీద జనవరి నుండి ఏప్రిల్ వరకు వాన తక్కువ, సముద్రము నెమ్మది. కావున సంక్రాంతి వెళ్ళిన తరువాతి దినములు ఈ యాత్రకు మిక్కిలి అనుకూలములు.

మా యూరి చెంత రవీంద్రఖని యను చిన్న స్టేషను కలదు. దూరపు బండ్లకు మాత్రము మంచిర్యాలకే పోవలెను. కాజీపేట నుండి బల్హార్షా వరకు ఇనుపదారి 1929లో పూర్తి యగుటచే ఢిల్లీకిని మద్రాసునకును నడుమ తిన్నని మార్గ మేర్పడినది. గ్రాండ్ ట్రంకు ఎక్స్‌ప్రెస్సు నేటికిని ఈ దారినే పోవును. స్లీపరు పెట్టెలో మూడంతస్తుల పడకలుండును. పెద్దవారికి క్రింది పడక అడిగి తీసికొనవలెను. నడిమి పడక ఎత్తి బిగించిన తరువాత ఎవరును నిటారుగా కూర్చుండ వీలులేదని మరువరాదు. మంచిర్యాల విడిచిన కొంతసేపటికే బండి గోదావరి వంతెన నెక్కును. పెద్దమ్మ కొంగు నుండి రూపాయి బిళ్ళ విప్పి నదిలో విడిచి నమస్కరించినది. కృష్ణ దాటునప్పటికి చీకటి పడినది. ఒక రాత్రి నిద్రలో గడచి, మరునాటి కాఫీ వేళకు మద్రాసు చేరితిమి. దానినే ఇప్పుడు చెన్నై యనుచున్నారు.

చెన్నై నుండి విమానమున రెండు గంటలలో దీవులు చేరవచ్చును. మేము ఓడనే కోరుకొంటిమి. చెన్నై, కలకత్తా, విశాఖపట్టణముల నుండి ప్రభుత్వపు ప్రయాణికుల ఓడలు పోవును; విశాఖ నుండి పోవునవి అరుదు. చెన్నై నుండి సముద్రముమీద దూరము సుమారు 1,190 కిలోమీటర్లు. ప్రయాణము రెండున్నర దినములు మొదలు మూడు దినముల వరకు పట్టును. ఈ దారిని నడచిన ఓడలలో ‘స్వరాజ్ ద్వీప్’ అనునది మన విశాఖపట్టణపు హిందూస్థాన్ షిప్‌యార్డులోనే నిర్మింపబడినది. టిక్కెట్లలో తరగతులు కలవు. అన్నిటికంటె చౌకయైనది బంకు తరగతి. పెద్ద హాలులో వరుసగా పడకలుండును. పిల్లలతోను పెద్దలతోను పోవువారికి తలుపు గల రెండవ తరగతి గది సుఖము. ఓడ కదలకముందే ప్రాణరక్షణకై తొడుగు చొక్కాయెట్లు కట్టుకొనవలయునో చూపుదురు. అది వినోదమని నవ్వక శ్రద్ధగా నేర్చుకొనవలెను.

తొలిదినమున మాలో ముగ్గురకు తల తిరిగి వాంతులైనవి. సముద్రపు వికారమునకు మేము కనుగొన్న ఉపాయములివి. కడుపు ఖాళీగా నుంచరాదు, నిండుగాను తినరాదు. ఓడ నడిమి భాగమున, క్రింది అంతస్తున ఊపు తక్కువ. గదిలో ముడుచుకొని పడుకొనుటకంటె పై తట్టున గాలిలో కూర్చుండి దూరమున నీరును ఆకాశమును కలియు గీతను చూచుట మేలు. శొంఠి, నిమ్మకాయ ఊరగాయ నోటికి హితవుగా నుండును. వైద్యుని అడిగి మాత్ర తెచ్చుకొనువారు వికారము పుట్టకముందే వేసికొనవలెను. పుట్టిన తరువాత అది కడుపులో నిలువదు. రెండవనాటికి అందరమును తేరుకొంటిమి.

ఆ రెండవనాడే మేము ముఖ్యముగా చెప్పదలచిన సంగతి జరిగినది. ఓడలో పొయ్యి వెలిగింపరాదు. భోజనమునకు టోకెను చూపి పళ్ళెము తెచ్చుకొనవలెను. పెద్దమ్మ తనతో తెచ్చిన సకినాలు, సర్వపిండి, పచ్చడి సీసాలు పంచి ముగించినది. తరువాత ఆమెకు చేయుటకు పనిలేదు. ఉదయము మా పిల్లల బట్టలు మూడుమారులు మడతపెట్టినది. కొంతసేపు వంటశాల వాకిట నిలుచుండి చూచి వచ్చినది. మధ్యాహ్నమునకు, “నీళ్ళు పట్టుడు లేదు, గిన్నెలు తోముడు లేదు. గిట్ల ఊకె కూసుంటె పొద్దెట్ల పోతది బిడ్డా?” అని దిగులుగా అడిగినది. మేమేమి చెప్పగలము? పై తట్టున కుర్చీ వేసి కూర్చుండబెట్టితిమి. రెక్కచేపలు నీటిపై గుంపుగా ఎగిరిపోవుచుండెను. కన్నంత మేర తీరము లేదు. ఫోను మ్రోగుట లేదు. చాలసేపటికి ఆమె, “నలభై ఏండ్ల సంది మా ఆయన మొఖం ఎట్లుంటదో నిదానంగ తలుసుకున్నది గీ పూటనే” అనినది. ఆపై కండ్లు తుడుచుకొని నిద్రపోయినది. లేచునప్పటికి దీపములు పెట్టిరి. పగటిపూట తాను అంతసేపు నిద్రించుట ప్రసవించిన నాళ్ళ తరువాత ఇదియే మొదలని చెప్పినది.

విశ్రాంతియన్నది పని ముగిసిన తరువాత వచ్చునని మనమెల్లరము తలతుము. ఇంటి పని యెన్నడును ముగియదు గనుక విశ్రాంతియు రాదు. యాత్రకు పోయినను స్టౌ, పప్పుడబ్బాలు మూటగట్టి సత్రములో వంట పెట్టుకొనుచున్నాము. అది చోటు మార్చుటయే కాని సెలవు కాదు. ఓడలో ఆ వీలే లేదు. అందుచేతనే విమానము కంటె ఓడ మేలని మేము దృఢముగా చెప్పుచున్నాము. రెండు గంటలలో మనస్సు వంటింటి నుండి బయటపడదు.

నాలుగవనాటి ఉదయమున దీవులు కనబడినవి. రేవుపట్టణము పేరు పోర్టు బ్లెయిర్. 2024లో దానికి శ్రీవిజయపురమని ప్రభుత్వము పేరు మార్చినది. రేవు దిగి ఆటో పిలిచినంతనే తెలుగుమాట వినబడుట మాకు వింత యయ్యెను. ఈ దీవుల జనములో ఇంచుమించు ఎనమండుగురిలో ఒకరి యింటిభాష తెలుగు. శ్రీకాకుళము, విశాఖపట్టణము తీరముల నుండి చేపల వేటకును, కట్టడపు పనులకును వచ్చి నిలిచిన కుటుంబములే ఎక్కువ. చేపల అంగడిలో ఒక యమ్మ మా మాట విని, “మీది తెలంగాణా కదమ్మా” అని పలుకరించి, బేరము తానే మాట్లాడి పెట్టినది.

పూర్వము సముద్రము దాటుట దోషమనియు, ఈ నీటిని కాలాపాని యనియు అనువారు. ఇచ్చటికి తేబడినవారిలో తమంతట తాము వచ్చినవారు తక్కువ. సెల్యులార్ జైలు కట్టడము 1896లో మొదలై 1906లో ముగిసినది. నడుమ గోపురము, దాని చుట్టును ఏడు బారులు. వానిలో నేడు మూడు మాత్రమే నిలిచియున్నవి. ఒక కొట్టులోని ఖైదీకి మరియొక కొట్టులోనివాని ముఖము కనబడకుండ కట్టిరి. 1979లో దీనిని జాతీయ స్మారకముగా ప్రకటించిరి. అల్లూరి సీతారామరాజు అనుచరుడు గాము మల్లుదొర అండమాను శిక్ష ననుభవించి తిరిగి వచ్చి, 1952లో విశాఖపట్టణము నుండి తొలి లోక్‌సభకు ఎన్నికయ్యెను. కొట్టులోని యెత్తైన చిన్న కిటికీని చూచి పెద్దమ్మ, “బాయిల దిగినోళ్ళు పొద్దుగూకినంక పైకొత్తరు. వీళ్ళకు ఏండ్లకేండ్లు గిదే బాయి” అనినది.

రేవు నుండి చిన్న ఓడలో మరియొక దీవికి పోయితిమి. దాని పేరు హావ్‌లాక్. 2018లో స్వరాజ్ ద్వీపమైనది. ప్రభుత్వపు ఫెర్రీలో రెండు రెండున్నర గంటల ప్రయాణము. తూర్పు బెంగాలు నుండి వచ్చిన కాందిశీకుల కుటుంబములు ఇచ్చట పొలములు చేసికొని స్థిరపడిరి. పోకతోటలు, కొబ్బరితోటలు, అరటిబోదెలు చూచిన మనకు కోనసీమ జ్ఞప్తికి వచ్చును. రాధానగరు తీరము పడమటి దిక్కుది. ఇసుక తెల్లగా పిండివలె నుండును. దీవులు మిక్కిలి తూర్పున నుండుటచే జనవరిలో ఐదుంబావు ప్రాంతముననే సూర్యుడు క్రుంకును. కావున మధ్యాహ్నమే తీరము చేరవలెను.

అడుగున గాజు బిగించిన పడవలో కూర్చుండి పగడపుదిబ్బలను చూడవచ్చును. అవి చిన్న చిన్న జీవులు తరతరములుగా కట్టుకొనిన యిండ్లు. మన బొగ్గు ఇరువదియైదు కోట్ల యేండ్లకు పూర్వపు అడవులు భూమిలో పూడి యైనది. రెండును జీవుల కూడబెట్టే యని పిల్లలకు చెప్పితిమి. సోదరీమణులకు మరియొక సంగతి. మనము పోపులపెట్టెలో దాచుకొను పాత ఎఱ్ఱని ఇరువది రూపాయల నోటు వెనుక కొబ్బరిచెట్ల బొమ్మ ఉన్నది గదా! అది ఇచ్చటి కొండమీది నుండి కనబడు నార్తు బే దృశ్యమే.

కొన్ని జాగ్రత్తలు చెప్పవలెను. పగడపు ముక్కలు, గవ్వలు ఏరి తెచ్చుట నేరము. కొన్ని వాగు మొగలందును తీరములందును ఉప్పునీటి మొసళ్ళు తిరుగును; హెచ్చరిక పలకలున్నచోట నీటిలో దిగరాదు. జారవా అడవి నడుమ పోవు రహదారిలో ఆదివాసులను వింత జంతువులవలె చూచుటయు, ఛాయాచిత్రములు తీయుటయు, తినుబండారములు విసరుటయు చట్టవిరుద్ధము, సిగ్గుచేటు. 2004 డిసెంబరు 26 నాటి సునామీ ఈ దీవులను ఘోరముగా దెబ్బతీసినది. తీరవాసులు సముద్రము గూర్చి చెప్పిన మాటను పెడచెవిని పెట్టకుడు.

ఓడల తేదీలు నెల నెలకు మారును, ఒక్కొక్కమారు ఆలస్యమును అగును. కావున రైలు టిక్కెట్టుకును ఓడకును నడుమ రెండు మూడు దినములు ఎడముంచవలెను. రానుపోను, అచ్చటి బసతో కలిపి పదునైదు దినముల సెలవు కావలెను. గుర్తింపు కార్డులు, నిత్యము వాడు మందులు, నూలుబట్టలు, పలుచని దుప్పటి ఒకటి చాలును. స్టౌ మాత్రము తీసికొనిపోకుడు.

ఇంత వ్యయము మావంటివారికి తగునా యని కొందరు శంకింతురు. అండమానులే కానక్కర లేదు. చేతిలోని సొమ్ముకు తగిన తావు చూచుకొనవచ్చును. కాని ప్రయాణపు సొమ్ము కుటుంబమునకెల్ల ఇచ్చునది. అందులో ఇల్లాలి భాగమును ఫీజులలో, పెట్టుపోతలలో కలుపుకొనుట న్యాయము కాదు. సొమ్ము వచ్చిన పిదప ఆలోచింతమనిన అది నిలువదు. ముందుగా సెలవు వ్రాసి, టిక్కెట్టు తీసికొని, పంచాంగముపై ఆ తేదీకి పసుపు బొట్టు పెట్టుడు. బాయిపని మన తరువాతను నడచును. కలిసి పోవలసినవారు ఇద్దరును ఉన్నప్పుడే పోవలెను. పెద్దమ్మ ఇప్పుడు మా వీధిలో ప్రతి కోడలికిని ఈ మాటయే చెప్పుచున్నది.