కళింగపట్నంలో సముద్రానికి వీపు తిప్పితే

ఆదివారం వస్తే కళింగపట్నం తీరం కిటకిటలాడుతుంది. శ్రీకాకుళం నుంచి వచ్చిన జనం అలల్లో తడిసి, ఫొటోలు దిగి, పొద్దు వాలగానే ఇంటిదారి పడతారు. వెనక్కి తిరిగి వంశధార నది వెంట పైకి వెళ్లేవాళ్లు బహు తక్కువ. ఈ తీరం గొప్పతనమంతా ఆ దారిలోనే ఉంది.

ఏరు సముద్రంలో కలిసే చోటు కాబట్టి ఇది పాతకాలపు రేవు. బ్రిటిషు వాళ్ల హయాంలోనూ ఇక్కడికి ఓడలు వచ్చేవి. ఇప్పుడా సందడి లేదు, లైట్‌హౌస్ మాత్రం మిగిలింది.

ఏటి ఒడ్డునే కొంతదూరం వెళ్తే శాలిహుండం కొండ. వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి పంతులే 1919లో ఇక్కడి బౌద్ధ శిథిలాలను వెలుగులోకి తెచ్చారు. భాషోద్యమ నాయకుడిగా ఆయన అందరికీ తెలుసు. శాసనాలు చదవడం సొంతంగా నేర్చుకున్న మనిషని ఎందరికి తెలుసు? 1940లలో పురావస్తు శాఖ తవ్వకాలు జరిపింది. మెట్లెక్కి పైకి వెళ్తే బండి చక్రం ఆకారంలో ఇటుకలతో కట్టిన స్తూపం పునాది కనిపిస్తుంది. నడుమ కుండ, చుట్టూ ఆకులు, ఆకుల మధ్య మట్టి. రాతి భరిణెల్లో స్తూపం ఆకారంలో చెక్కిన స్ఫటిక పేటికలు, వాటిలో బంగారు పూలు దొరికాయి. తార, మారీచి అనే వజ్రయాన దేవతల విగ్రహాలు కూడా బయటపడ్డాయి. అంటే తొలినాటి బౌద్ధం నుంచి వజ్రయానం దాకా శతాబ్దాల మార్పు ఒక్క కొండ మీదే చూడొచ్చన్నమాట. ఇంత సరుకున్నా ఇక్కడ సందర్శకులు పలచగానే ఉంటారు, అదే విచిత్రం.

శాలిహుండం ఉన్న గార మండలంలోనే శ్రీకూర్మం గుడి కూడా ఉంది. స్వామి పడమటి ముఖంగా ఉంటాడు, ధ్వజస్తంభాలు రెండు, ఆవరణలో నక్షత్ర తాబేళ్లు. అరసవల్లి సూర్యదేవాలయం ఎటూ దారిలోదే. మార్చిలో, అక్టోబరులో కొద్దిరోజులు తొలికిరణాలు స్వామి పాదాలను తాకుతాయి.

గుళ్లే కాకుండా చేతిపని చూడాలనుకునేవాళ్లకు పొందూరు. ఇక్కడి ఆడవాళ్లు వాలుగ చేప దవడ ఎముకతో పత్తి దువ్వుతారు. సూదుల్లాంటి ఆ సన్నని పళ్ల మధ్య నలక నిలవదు. అలా శుభ్రపడిన దూదినే రాట్నం మీద సన్నని నూలుగా వడుకుతారు. ఆ నూలుతో నేసిన బట్ట ఖరీదెందుకో అడిగేవాళ్లు ఒక గంట ఆ దువ్వడం చూస్తే చాలు.

శాలిహుండం కొండ మీద నీడ తక్కువ. వెళ్లేవాళ్లు పొద్దున్నే బయల్దేరండి, మంచినీళ్లు వెంట ఉంచుకోండి. బీచికి సాయంత్రం వెళ్లొచ్చు.